డోరు లేని బండి

మా మామ రాజారత్నం చేత్తో రాసిన బోర్డు తిరుపతిలో ఇంకా ఎక్కడైనా మిగిలి ఉందంటే అది నా దయ కాదు. నాది ఫ్లెక్సీల షాపు. పన్నెండేళ్ళుగా కొర్లగుంటలో నడుపుతున్నాను. ఆయన రెండు రోజులు కూర్చుని రాసే పేరును నా మిషన్ పావుగంటలో కక్కేస్తుంది. సొంత మేనకోడలే మేనమామ నోటికాడ కూడు లాక్కుందని చుట్టాలంతా నన్ను ఆడిపోసుకున్నారు. ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. రోజూ పొద్దున వచ్చి షాపు ముందు స్టూలు వేసుకుని, నా ఫ్లెక్సీల మీది అక్షరాలను చూసి ‘ప్చ్’ అని కూర్చునేవాడు. ఆ ‘ప్చ్’ వింటే నాకు ఒళ్ళు మండేది.

ఆయనది సత్యవేడు. ఇరవై రెండేళ్ళప్పుడు తిరుపతి వచ్చి, రేణిగుంట రోడ్డులో దామోదరం టింకరింగ్ షెడ్డులో చేరాడు. లారీల సొట్టలు తీయడం దామోదరం పని, రంగులూ అక్షరాలూ మా మామ పని. ఇద్దరూ ఒకే క్యారియర్‌లో అన్నం తిన్నారు, ఒకే బీడీ మార్చి మార్చి తాగారు. చిన్నప్పుడు నేను షెడ్డుకు పోతే దామోదరం నన్ను లారీ సీటులో కూర్చోబెట్టి హారన్ కొట్టనిచ్చేవాడు. ఆయన్ని కూడా నేను మామా అనే పిలిచేదాన్ని. అట్లా ఇరవై నాలుగేళ్ళు గడిచాయి.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. లారీకి రంగులన్నీ వేసి, పేరు రాసి, పూలూ నెమళ్ళూ అన్నీ దిద్దాక, ఆఖరున మా మామ బ్రష్షు తిప్పి పట్టుకుని, దాని కొసను నల్లరంగులో ముంచి, బండికి ఎక్కడో ఒక మూల మిరపగింజంత చుక్క పెట్టేవాడు. దిష్టిచుక్క. అది పడ్డాకే దామోదరం బండి తాళాలు డ్రైవరు చేతికిచ్చేవాడు.

తర్వాత మా అత్త వెంట మా మామ కూడా చర్చికి పోయి బాప్తిస్మం తీసుకున్నాడు. పాల్ పాస్టరు గారు, ఇంక అట్లాంటివి చేయకు, ప్రార్థన చేసి బండి పంపు అన్నారు. మామ అట్లాగే చేశాడు. చుక్క లేకుండా మొదట బయటికి పోయిన లారీ దామోదరం తమ్ముడు దేవరాజులుది. నాలుగో రోజే పుత్తూరు దారిలో ఒక మలుపు దగ్గర అది చింతచెట్టును గుద్దుకుంది. లారీకి పెద్దగా ఏమీ కాలేదు. డ్రైవరు పక్క డోరు తెరుచుకుని, బండి తోలుతున్న దేవరాజులు కింద పడిపోయాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

ఆస్పత్రి వరండాలో అందరూ చూస్తుండగా దామోదరం మా మామ చొక్కా పట్టుకున్నాడు.

“సుక్క పెట్టలా నువ్వు. నా తమ్మున్ని నువ్వే సంపేసినావు,” అన్నాడు.

అంతే. పద్దెనిమిదేళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడలేదు. దామోదరం షెడ్డు మూసేసి వడమాలపేటలో సొంతింటికి వెళ్ళిపోయాడు. అక్కడ ట్రాక్టర్లూ నాగళ్ళూ బాగుచేస్తాడని, లారీ గానీ కారు గానీ తెస్తే మాత్రం ముట్టుకోడని జనం చెప్పుకునేవారు. తమ్ముడి మీద దిగులే కారణమని నేనూ అనుకున్నాను. ఇక మా మామ ఆ రోజు నుంచీ బండ్ల మీద రాయడం మానేసి షాపుల బోర్డులు మాత్రమే రాశాడు. చుక్క వల్ల ఏమీ కాదని ఆదివారం చర్చిలో చెప్పేవాడు. సోమవారం నా షాపు ముందు కూర్చుని, “పెట్టింటే ఏమయ్యేదో గదమే,” అనేవాడు. ఆ బోర్డులు కూడా పోయింది నా మిషన్ వల్లనే.

నిరుడు భానుచందర్ వచ్చాడు. ఇతనిది వడమాలపేట, బెంగళూరులో వీడియో గేములు చేసే చిన్న కంపెనీలో పని. కార్ల గేము కోసం చేత్తో అక్షరాలు రాసే మనిషి కావాలని వెతుక్కుంటూ నా షాపుకే వచ్చాడు. ఫ్లెక్సీల షాపుకు వచ్చి బోర్డులు రాసేవాడు ఎక్కడున్నాడని అడగడానికి ధైర్యం ఉండాలి.

అతను చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. అమెరికాలో స్టాక్ కార్ రేసులని ఉంటాయి. చూడ్డానికి రోడ్డు మీద తిరిగే కార్లలాగే ఉండే నలభై కార్లు గుండ్రటి దారిలో ఒకదాన్నొకటి రాసుకుంటూ, గుద్దుకుంటూ వందల చుట్లు కొడతాయి. బండి ముక్కు నుంచి తోక దాకా కంపెనీల పేర్లే. అలాంటి గేము చేయాలంటే ప్రతిదానికీ లైసెన్సు కావాలి. రేసు పేరుకు, కారు ఆకారానికి, డ్రైవరు ముఖానికి, ఆఖరికి బండి మీద తొమ్మిది అంకె మెలి తిరిగే తీరుకు కూడా ఒక యజమాని ఉంటాడట. అన్ని లైసెన్సులు తెచ్చుకునే తాహతు వీళ్ళకు లేదు. అందుకని అన్నీ కల్పించుకున్నారు. కానీ కంప్యూటరుతో కల్పించిన పేర్లు చూసి, ఆడినవాళ్ళు మందుల సీసా మీద చీటీల్లా ఉన్నాయన్నారు. చక్రం ఎంత నిజంగా తిరిగినా, పైన పేరు అబద్ధంగా ఉంటే బండి మొత్తం అబద్ధంగానే కనిపిస్తుందట.

“అంకుల్, ఇరవై నాలుగు బండ్లకు పేర్లు కావాల. ఎవరివీ కాని పేర్లు మీరే కల్పించి రాసియ్యండి,” అన్నాడు భానుచందర్.

మా మామ బండి ఫోటో చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. బండ్ల మీద రాయనన్న మనిషి కదా, కాదంటాడేమో అనుకున్నాను.

“డోరు హ్యాండిలు యాడొస్తాది బాబూ? అక్షరం దాని మింద పడకుండా సూసుకోవాల,” అన్నాడు.

“డోరే ఉండదు అంకుల్. పక్కంతా ఒకటే రేకు. డ్రైవరు కిటికీలోంచి లోపలికి దూరతాడు. ఆ రేసులో నిజంగా అట్నే ఉంటాయి.”

మా మామ నవ్వాడు. ఎన్నేళ్ళకు నవ్వాడో నాకు గుర్తు లేదు. “సూసినావా అమలా, ఇరవై నాలుగేండ్లు ఆ పాడు హ్యాండిలు నా అక్షరాలను రెండు ముక్కలు సేసింది. ఈ బండికి పేరు ఈ చక్రం కాన్నించి ఆ చక్రం దాకా ఒకే బిగిన రాయొచ్చు,” అన్నాడు.

రేకు మీదే రాస్తానన్నాడు. నా స్కానర్‌లో రేకు పట్టదని చెప్పి ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి చార్టు ముక్కల మీద ఎనామిల్ రంగులతో రాశాడు. రెండు నెలలు నా షాపంతా టర్పెంటైన్ కంపు. వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, నేను మాత్రం ఫ్యాను కింద కూర్చుని ఆ చెయ్యి కదిలే తీరు చూస్తూ ఉండిపోయేదాన్ని. స్కాన్ చేశాక దుమ్మూ మరకలూ తుడిచి బెంగళూరుకు పంపడం నా పని. ఆ పని నేను ఎంత భయంగా చేశానో ఆయనకు తెలియదు. స్కానర్‌లో ఒకసారికి రెండు మూడు అక్షరాలే పట్టేవి, వాటి అంచులే చూస్తూ పేర్లను పేర్లుగా నేను చదవనే లేదు. తెలుగు అక్షరాలతో బండ్లు గిర్రున తిరుగుతుంటే కంపెనీలో అందరూ ఎగిరి గంతేశారట. అందులో తెలుగు చదవడం వచ్చినవాడు భానుచందర్ ఒక్కడే. అతనేమో ఇంజన్ల పనిలో తలమునకలై ఉండి పేర్లను పట్టించుకోలేదు. గేము బయటికి రావడానికి పదిరోజుల ముందు చూశాడు, చూసి నాకు ఫోన్ చేశాడు.

“అక్కా, కొంప మునిగింది. పన్నెండో నంబరు బండి మింద ఆనందమ్మ టిఫిన్ సెంటర్ అని ఉండాది. నేను ఇస్కూలుకు పోయేటప్పుడు ఆన్నే గదక్కా దోసె తినింది!”

ఇరవై నాలుగు పేర్లూ తీసి చూశాను. ఒక్కటి కూడా కల్పించింది కాదు. అన్నీ మా మామ తన జీవితంలో రాసిన బోర్డులే. బాలాజీ సైకిల్ షాపు, వేదవ్యాస్ బుక్ డిపో, ఇమ్మానుయేల్ టైలర్స్. సగం మూతపడ్డాయి. తొమ్మిదో నంబరు బండి మీద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా, ఎర్రటి అక్షరాలకు పసుపు నీడతో: దామోదరం టింకరింగ్ వర్క్స్.

నేను నోటికొచ్చినట్టు అరిచాను. ఎవరివీ కాని పేర్లు రాయమంటే ఇదేం పని, ఆ పిల్లోడి ఉద్యోగం పోతే ఏం చేస్తావు అని అడిగాను.

మామ తల గోక్కున్నాడు. “ఎవురిదీ కాని పేరు ఎట్ల రాసేది మే? బోర్డు రాసేటప్పుడు ఆ పేరోడు ఎదురుగా నిలబడుకోని సూస్తా ఉంటాడు. కొమ్ము ఇంకా పెద్దది సెయ్యి, రంగు ఇంకా కొట్టొచ్చినట్టు ఉండాల అంటా ఉంటాడు. ఎవురూ లేకుంటే చెయ్యి కదల్లా నాకు,” అన్నాడు.

ఇంక ఏమనాలి ఆ మనిషిని?

కంపెనీ లాయరు ఒకే మాట చెప్పింది. ప్రతి పేరు గల మనిషి దగ్గరా సంతకం తెండి, సంతకం లేని పేరు తీసేయండి. సరే, ఇంగ్లీషులో ఒక పక్క, తెలుగులో ఒక పక్క అనుమతి పత్రాలు నేనే టైపు చేశాను. మామను స్కూటీ వెనక ఎక్కించుకుని ఊరూరా తిరిగాను. ఆనందమ్మ, “నా కారు గెలస్తాదా?” అని అడిగింది. ఆడేవాళ్ళను బట్టి ఉంటుందంటే, “గెలవకపోతే నేనొచ్చి ఆడతా,” అని సంతకం పెట్టి ఇద్దరికీ ఇడ్లీలు పెట్టింది. బుక్ డిపో పెరుందేవి గారు మా పేరు పక్కన సారా కంపెనీ పేరేదీ రాకూడదని రాయించుకుని మరీ పెట్టారు. బాలాజీ పోయి నాలుగేళ్ళయింది. ఆయన భార్య, నేను చూపించిన బండి మీది పేరును చాలాసేపు చూసి, అక్షరాల మీద వేలు పోనిచ్చి, కాగితం తీసుకుని సంతకం పెట్టింది. ఆరు రోజుల్లో ఇరవై మూడు సంతకాలు వచ్చాయి.

“తొమ్మిదో నంబరుకు వేరే పేరు రాసియ్ మామా. ఆయన పెట్టడు. మనకు అవమానం తప్ప ఏమీ రాదు,” అన్నాను.

“అది తీసేస్తే తక్కినవన్నీ తీసెయ్.”

“ఎందుకంత మొండి?”

“ఆ ఒకటి రాయడానికే మే, తక్కిన ఇరవై మూడూ రాసింది.”

అప్పుడు అర్థమైంది నాకు. పద్దెనిమిదేళ్ళుగా దామోదరం ఇంటి గడప తొక్కడానికి ఈయనకు ఒక వంక కావాలి. అది బెంగళూరు నుంచి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం వడమాలపేట వెళ్ళాం. దామోదరం ఇంటి పక్క రేకుల షెడ్డులో ట్రాక్టరు మడ్గార్డు సొట్ట తీస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి సుత్తి ఆపాడు, నా వెనక మామను చూసి మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు. మామ వాకిట్లోనే నిలబడిపోయాడు.

“ఏం కావాల బిడ్డా?” అన్నాడు దామోదరం నాతో.

మాటలతో అయ్యే పని కాదని, ల్యాప్‌టాప్ తెరిచి పీట మీద పెట్టాను. ఎలా ఆడాలో భానుచందర్ నేర్పాడు గానీ నాకు వచ్చింది ఒక్కటే, బండిని తీసుకుపోయి గోడకు గుద్దడం. తొమ్మిదో నంబరు బండి బయల్దేరింది. తన పేరు చూసి దామోదరం సుత్తి కింద పెట్టాడు. రెండో మలుపులో బండి గోడకు గుద్దుకుంది.

“తప్పు,” అన్నాడు వెంటనే. “రేకు అట్ల మడవదు. ముందు మజ్జిలో ఉబ్బల్ల, ఆమీట అంచు లోపలికి పోవల్ల. ఎవురు సేసినారు దీన్ని? మీ మామకు సెప్పు, ఇది రేకు కాదు, అప్పడం.”

“ఆయనకు సెప్పు మే, నేనూ అదే మాట ఆ పిల్లోనికి సెప్పినా అని,” అన్నాడు మామ వాకిట్లోంచి.

“అక్షరాలు బాగుండాయని సెప్పు.”

“రంగు ఎండేదాకా ఆగలా అని సెప్పు, లేకుంటే ఇంకా బాగుండేది.”

ఎనిమిది అడుగుల దూరంలో ఉన్న ఇద్దరు ముసలోళ్ళ మధ్య నేను పోస్ట్‌మ్యాన్‌ని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దామోదరం తెరకు ముఖం దగ్గరగా పెట్టాడు. ‘నా పేరు, నా పేరు’ అన్నట్టు వేలితో అక్షరాల వెంట పోయాడు. అలా పోతూ పోతూ ఆగిపోయాడు.

“డోరు యాడ?”

“ఈ బండికి డోరు ఉండదు మామా,” అన్నాను. “పక్కంతా ఒకటే రేకు. కిటికీలోంచి దూరతారు.”

“అయితే లాకు?”

“డోరే లేనప్పుడు లాకు ఎందుకుంటుంది?”

ఆయన పీట దగ్గరికి జరిగి కూర్చున్నాడు. తర్వాత, “ఇంగోసారి గుద్దు,” అన్నాడు.

గుద్దాను. ఈసారి బండి పల్టీలు కొట్టింది. చక్రం ఊడింది, బానెట్టు ఎగిరిపోయింది. కిటికీలో డ్రైవరు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు.

“ఇంగోసారి.”

మూడోసారీ అంతే. నాలుగోసారి గుద్దమని ఆయన అడగలేదు. తెర వైపే చూస్తూ చెప్పాడు.

“ఆ పొద్దు దేవరాజులు సెప్పినాడు. అన్నా, లాకు సరిగ్గా పడలా అని. కొత్తది ఎయ్యాల్సింది. నేను పాతదానికే రెండు దెబ్బలు కొట్టి, సరిపోతాది పోరా అన్న్యాను. సరిపోలా. నీ సుక్క కాదు రత్నం. ఆస్పత్రి కాడే తెలుసు నాకు. తెలిసే నీ సొక్కా పట్టుకున్న్యా.”

రత్నం అన్నాడు. ఈసారి నాతో చెప్పమనలేదు.

మా మామ ముఖం నేను చూడలేకపోయాను. ఆయన వెనక్కి తిరిగి రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. అయిపోయింది అనుకున్నాను. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు దామోదరాన్ని చెంప పగలగొట్టాలనిపించింది. పద్దెనిమిదేళ్ళు ఒక మనిషిని మిరపగింజంత చుక్క కింద తొక్కి ఉంచాడు. ప్రతి సోమవారం నా షాపు ముందు కూర్చుని తనను తాను తిట్టుకున్న మనిషిని నేను చూశాను.

“ఆ కాయితం ఎత్తుకోని పో బిడ్డా,” అన్నాడు దామోదరం. “నా పేరు తీసెయ్. బండి మింద ఉండే యోగ్యత ఆ పేరుకు లేదు.”

నేను కాగితం మడిచాను. అప్పుడు మామ తిరిగి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఈసారి వాకిట్లో ఆగలేదు. నేరుగా షెడ్డులోకి వచ్చి, నా చేతిలో కాగితం లాక్కుని, మడత విప్పి, మడ్గార్డు మీద పరిచాడు.

“నీ నోట్లో దుమ్ము పడ. పద్దెనిమిదేండ్లప్పా!” అన్నాడు. “ఒక్క రోజన్నా వచ్చి సెప్పలేకపోయినావా?”

“ముఖం యాడిది రత్నం నాకు?”

మామ ట్రాక్టరు టైరు మీద కూలబడ్డాడు. లోపలి నుంచి దామోదరం కోడలు మజ్జిగ తెచ్చి, ముగ్గురి ముఖాలూ చూసి, గ్లాసులు పెట్టి వెళ్ళిపోయింది.

“ఇది డోరు లేని బండి,” అన్నాడు మామ చివరికి. “దీంట్లోంచి ఎవురూ కింద పడరు. ముయ్యి నోరు, సంతకం పెట్టు.”

దామోదరం పెన్ను తీసుకున్నాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని పెట్టాడు. పెట్టి, తెర మీద కిటికీ పైన ఉన్న ఖాళీ పట్టీ చూపించాడు.

“ఆడేం రాస్తారు?”

“తోలేవాని పేరు,” అన్నాడు మామ. “ఆ రేసులో అట్ల రాస్తారంట. ఇంకా రాయలా. ఎవురి పేరూ తోచలా.”

దామోదరం ఆ ఖాళీ పట్టీ మీదే వేలు ఉంచాడు. మామ నా వైపు తిరిగాడు.

“ఇంగో కాయితం ఉండాదా మే? దేవరాజులు పేరుకు. వాని బదులు అన్న పెడతాడు సంతకం.”

నా సంచిలో ఖాళీ పత్రం ఒకటి ఉంది. దానిమీద దామోదరం సంతకం పెడుతుంటే అక్షరాల మీద కన్నీటి చుక్కలు పడి ఇంకు అలికింది. ఆ కాగితం చెల్లుతుందో లేదోనని నేను భయపడ్డాను. చెల్లింది.

మరుసటి రోజు మామ ‘దేవరాజులు’ అని రాసిన పట్టీ తెచ్చిచ్చాడు. స్కాన్ చేశాను. ఎప్పటిలాగే దుమ్మూ మరకలూ తుడుస్తుంటే, ‘లు’ కొమ్ము కింద మిరపగింజంత నల్లటి చుక్క కనిపించింది. తలెత్తి ఆయన వైపు చూశాను.

“బ్రష్షు జారింది మే,” అన్నాడు స్టూలు మీద నుంచి, రోడ్డు వైపు చూస్తూ.

నలభై రెండేళ్ళలో ఆయన బ్రష్షు జారడం నేను వినలేదు, చూడలేదు. చుట్టూ ఉన్న దుమ్మంతా తుడిచి, ఆ చుక్కను అట్లాగే ఉంచి బెంగళూరుకు పంపాను.